చిన్నప్పటి పేదరికం ప్రభావాన్ని సర్వే డేటాలో పట్టుకోవడం ఎలా? (పీజీ ప్రాజెక్టుకి సాయం కావాలి)

సీమచింత · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఎమ్మే ఎకనామిక్స్ రెండో ఏడాది, మాది అనంతపురం. ప్రాజెక్టు టాపిక్ నేనే ఎంచుకున్నా, ఇప్పుడు నేనే ఇరుక్కున్నా. పేదరికంలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో, ఆరోగ్యంలో ఎక్కడ తేలారో చూడాలని నా ఆలోచన. మా గైడ్ గారు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటా డౌన్‌లోడ్ చేసుకో, అందులో అన్నీ ఉంటాయి అన్నారు. చేసుకున్నా. ఐదేళ్లలోపు పిల్లల ఎత్తులు, బరువులు ఉన్నాయి, ఇంట్లో ఫ్రిజ్ ఉందా, బండి ఉందా, మరుగుదొడ్డి ఉందా అన్నీ ఉన్నాయి. పేదింటి పిల్లలు పొట్టిగా ఉన్నారని టేబుల్ వేస్తే ఆయన "గుడ్" అన్నారు. నాకే తృప్తిగా లేదు. ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమయ్యారో ఈ ఫైల్లో లేదు, పెద్దవాళ్ల ఫైల్లో వాళ్ల చిన్నతనం లేదు. నేనేమైనా మిస్సవుతున్నానా?

తార్నాక బస్టాప్ · రాత్రి 10:15

ఏమీ మిస్సవ్వలేదమ్మా, నీ అనుమానమే అసలు పాయింటు. ఆ సర్వేవాళ్లు ప్రతి విడతకీ కొత్త ఇళ్లకి వెళ్తారు. 2015-16లో తలుపు కొట్టిన ఇల్లు వేరు, 2019-21లో కొట్టిన ఇల్లు వేరు. కాబట్టి రాష్ట్రం మొత్తమ్మీద పరిస్థితి ఎటు పోతోందో చెప్పగలదు. వయసుకు తగ్గ ఎత్తు లేని ఐదేళ్లలోపు పిల్లలు ఈ రెండు విడతల మధ్య దేశంలో 38.4 శాతం నుంచి 35.5కి తగ్గారు, ఆంధ్రలో 31 దగ్గరే కదలకుండా ఉండిపోయింది, తెలంగాణలో 28 నుంచి 33కి పెరిగింది (ఈ చివరి అంకె మీద ఇంకో థ్రెడ్ వేయొచ్చు). కానీ ఫలానా పిల్లాడు తర్వాత ఏమయ్యాడు అని అడిగితే దాని దగ్గర జవాబు లేదు.

నీకు కావాల్సింది అవే పిల్లల దగ్గరికి ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లిన డేటా. అది మన దగ్గరే ఉంది. యంగ్ లైవ్స్ అని, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు నడిపే అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా. ఇండియా అంటే దేశమంతా కాదు, అచ్చంగా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2002లో మొదలెట్టారు, అప్పటికి ఏడాది అటూఇటూ వయసున్న పిల్లలు 2 వేల మంది, ఎనిమిదేళ్లవాళ్లు వెయ్యి మంది. 2006, 2009, 2013, 2016లో మళ్లీ అవే గడపలు తొక్కారు, కరోనా రోజుల్లో ఫోన్లో మాట్లాడారు, 2023-24లో ఇంకోసారి ఇళ్లకి వెళ్లారు. ఆనాడు చంకలో ఉన్న పిల్లలకి ఇప్పుడు ఇరవై దాటాయి. డేటా యూకే డేటా ఆర్కైవ్‌లో పేరు నమోదు చేసుకుంటే ఊరికే ఇస్తారు. ఎంచుకున్న జిల్లాల్లో మీ అనంతపురం ఉంది.

సీమచింత · రాత్రి 10:22

మా జిల్లానా! రెండేళ్లు ఎకనామిక్స్ చదివా, ఒక్కరూ చెప్పలేదు సార్. రాత్రికి రాత్రి రిజిస్టర్ చేసేస్తా.

డల్లాస్ దోసకాయ · రాత్రి 10:50

మధ్యలో దూరుతున్నందుకు సారీ. దీనికి ఇంత సర్వే ఎందుకు బాస్? మా నాన్న ఒక పూట తిని, ఒక పూట మానేసి, వీధి దీపం కింద చదివి ఇంజనీరయ్యారు. మా చిన్నాన్నదీ అదే కథ. మనసుంటే మార్గం ఉంటుంది. చిన్నప్పుడు తిండి తక్కువైతే జన్మంతా పోయినట్టే అని రిపోర్టులు రాస్తే పేదపిల్లల్ని మీరే తక్కువ చేసినట్టు కాదా?

పాలమూరు పోరడు · రాత్రి 11:05

మీ నాయన గురించి మీరు చెప్పిన్రు, బాగుంది అన్నా. మా నాయన తోటి అయిదుగురు ఒక్క తరగతిల చదివిన్రు. ఇద్దరు మేస్త్రి గుంపుల బొంబాయి పోయిన్రు, మళ్ల తిరిగి రాలేదు. ఒకాయన నలభై ఏండ్లకే సుగర్, బీపీ, కాలు తీసేసిన్రు. ఇంకొకాయన ఊర్లనే గొర్లు కాస్తడు. ఇంజనీర్ అయినాయన కొడుకు డల్లాస్‌ల కూసొని ఈడ రాస్తడు. మిగిలినోళ్ల పిల్లలు ఈ వేదికలకు రారు కదా, వాళ్ల కథ ఎవరు చెప్పాలె? అందుకే సర్వే కావాలె.

తార్నాక బస్టాప్ · రాత్రి 11:20

పాలమూరు తమ్ముడు చెప్పిందాన్ని మా క్లాసులో చెప్పాలంటే నాకు గంట పట్టేది. దోసకాయ గారూ, మీ నాన్నగారి కష్టాన్ని ఎవరూ తీసిపారేయట్లేదు. ఒడ్డుకి చేరినవాళ్లని మాత్రమే అడిగి ఏరు లోతెంతో చెప్పలేం, అంతే.

ఇంకోటి. మీరన్న "జన్మంతా పోయినట్టే" అన్నదానికి ఈ డేటా వంత పాడలేదు. ఏడాది వయసులో గిడసబారి ఉన్న పిల్లల్లో కొందరు ఎనిమిదేళ్లకి ఎత్తు అందుకున్నారు. అలా అందుకున్నవాళ్లు చదువు పరీక్షల్లో, గిడసబారే ఉండిపోయినవాళ్లకంటే మెరుగ్గా చేశారు. అటువైపు మొదట బాగానే ఉండి తర్వాత జారినవాళ్లూ ఉన్నారు. మొదటి వెయ్యి రోజులు (కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా) దాటితే తలుపు మూసుకుపోతుంది అని పోస్టర్ల మీద రాసేంత కచ్చితంగా లేదు వ్యవహారం. ఇది తెలిసింది అవే పిల్లల్ని మళ్లీ కొలిచారు కాబట్టి.

కొలబద్ద · సోమవారం ఉదయం 6:30

నా పేరు చూసి ఊహించే ఉంటారు. పదేళ్లు ఫీల్డు ఇన్వెస్టిగేటర్‌గా చేశాను, ఉత్తరాంధ్రలో ఎక్కువ. ఏ సర్వేలో అని అడగొద్దు, రెండు మూడు చోట్ల చేశాను. సీమచింతమ్మా, నీ ఎక్సెల్ షీట్లో ఎత్తు 79.0 అని కనిపిస్తుంది చూడు, ఆ అంకె ఎలా పుడుతుందో చెప్తాను విను.

రెండేళ్లలోపు బిడ్డని చెక్క బల్ల మీద పడుకోబెట్టి కొలవాలి. తల దగ్గర కదలని పలక, కాళ్ల దగ్గర జరిగే పలక. తల్లి గానీ నాతో వచ్చినమ్మాయి గానీ తల పట్టుకోవాలి, నేను మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాలకి పలక ఆనించాలి. బిడ్డ ఆ చల్లటి చెక్క తగలగానే అందుకుంటాడు రాగం. కాళ్లు ముడుస్తాడు. వీధిలోవాళ్లంతా చుట్టూ మూగుతారు, ముసలమ్మ ఒకావిడ "పసిబిడ్డని శవం కొలిచినట్టు కొలుస్తారేటి, దిష్టి తగుల్తాది" అంటుంది. ఆ గోలలో మిల్లీమీటరు చదవాలి. రెండుసార్లు కొలవాలి, తేడా వస్తే మూడోసారి. మూడోసారికి తల్లి బిడ్డనెత్తుకుని లోపలికి పోతుంది.

అదే బిడ్డని నిలబెట్టి కొలిస్తే 0.7 సెంటీమీటరు తక్కువొస్తుంది, అందుకే పడుకోబెట్టామా నిలబెట్టామా అనేది కూడా రాయాలి. ఆ కాలమ్‌ని జనం పట్టించుకోరు. నువ్వు పట్టించుకో.

ఎత్తుకన్నా పెద్ద తలనొప్పి వయసు. పుట్టిన తేదీ అడిగితే కాగితం ఉండదు. "పుష్కరాలప్పుడు కడుపుతో ఉన్నానండి", "పెద్ద తుఫానొచ్చిన ఏడు", "మా ఆడపడుచు పెళ్లికి నెలల పిల్ల". అందుకని మా సంచిలో ఒక స్థానిక క్యాలెండర్ ఉండేది, ఆ ఊరి జాతర్లు, పండగలు, గాలివానలు అన్నీ నెలలవారీగా రాసుకున్నది. దాని మీద వేలు పెట్టి వెనక్కి లెక్కేసేవాళ్లం.

తార్నాక బస్టాప్ · సోమవారం ఉదయం 8:10

కొలబద్ద గారూ, మీకో దండం. వయసు ఎందుకంత ముఖ్యమో నేను అంకెల్లో చెప్తాను. 79 సెంటీమీటర్ల మగపిల్లాడు ఉన్నాడనుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం వాడి వయసు 24 నెలలైతే గీత 81 దగ్గర ఉంటుంది, వాడు గీతకి కింద, అంటే గిడసబారినట్టు లెక్క. 18 నెలలైతే గీత 76.9, వాడు సుబ్బరంగా ఉన్నట్టు. పిల్లాడు అదే, ఎత్తూ అదే. తల్లి చెప్పిన పండగ సంక్రాంతో తొలి ఏకాదశో అనే దాని మీద కేసు అటోఇటో అవుతుంది.

పెద్ద సర్వేలో ఇలాంటి పొరపాట్లు అటూఇటూ కొట్టుకుపోతాయి అంటారు. కొట్టుకుపోవు. పేదింట్లోనే కాగితం ఉండదు కదా, పొరపాటు కూడా పేదవాళ్ల దగ్గరే పోగుపడుతుంది.

పాలమూరు పోరడు · సోమవారం మధ్యాహ్నం 1:15

నాది జూన్ 1, సర్టిఫికేట్ల. మా అన్నదీ జూన్ 1. మా తరగతిల సగం మందిది జూన్ నెలనే. పంతులు గారు బడిల చేర్చుకునేటప్పుడు అందాజుగ రాసిన్రు 😂 బర్త్‌డే పార్టీ ఒక్కటే చాలు ఊరికంత.

సీమచింత · సోమవారం రాత్రి 8:50

డేటా వచ్చింది! తెరిచాక కళ్లు తిరిగాయి, ఒక్కో విడతకి ఎన్ని కాలమ్‌లో. ఇప్పుడు ప్రశ్న. పేదరికం అంటే దేన్ని తీసుకోవాలి? నేను తెల్ల రేషన్ కార్డు ఉంటే పేద, లేకపోతే కాదు అని పెట్టుకుందామనుకున్నా.

అంగన్‌వాడీ అక్క · సోమవారం రాత్రి 9:30

అమ్మా తల్లీ, ఆ పని మాత్రం చెయ్యకు! మా ఊళ్లో రెండంతస్తుల మేడ ఉన్నాయనకీ తెల్లకార్డే, ట్రాక్టరున్నాయనకీ తెల్లకార్డే. కార్డు లేనివాళ్లు ఎవరో తెలుసా? నిరుడు వలసొచ్చి ఇటుకబట్టీ దగ్గర గుడిసె వేసుకున్నవాళ్లు. నీ లెక్కలో వాళ్లు ధనవంతులైపోతారు.

తార్నాక బస్టాప్ · సోమవారం రాత్రి 9:55

అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. యంగ్ లైవ్స్‌లో సంపద సూచిక ఒకటి తయారుగా ఉంటుంది, సున్నా నుంచి ఒకటి దాకా. ఇంటి గోడ, కప్పు, నేల ఎలాంటివి. కరెంటు, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్నాయా. టీవీ, సైకిలు, ఫోను లాంటి వస్తువులున్నాయా. ఈ మూడింటి సగటు. ఆదాయం అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు, కప్పు రేకులదా పెంకులదా అనేది కళ్లకి కనిపిస్తుంది.

అయితే ఇందులోనూ గోతులున్నాయి. 2002లో ఊళ్లో ఫోనున్న ఇల్లు అంటే మోతుబరి ఇల్లు. 2016లో కూలికెళ్లే ఆమె రవికలోనూ ఫోనుంది. సూచిక పెరిగింది కాబట్టి పేదరికం తీరింది అనుకుంటే తప్పులో కాలేసినట్టే. పిల్లాడు ఏడాది వయసులో ఉన్నప్పటి సూచికని తీసుకుని, ఆ విడత పిల్లల్లో వాడు ఏ వరసలో ఉన్నాడో చూడు. తర్వాత విడతల్లో మారిన సంపదని వేరే కాలమ్‌గా ఉంచు. రెండూ కలిపేస్తే చిన్నప్పటి పేదరికం చేసిన పనేదో, ఇప్పటి పేదరికం చేస్తున్న పనేదో తెలియదు.

ఇంకో జాగ్రత్త, ఇది ముందే చెప్పాల్సింది. వాళ్లు 20 చోట్లు ఎంచుకున్నారు, ఒక్కో చోట వంద మంది ఏడాది పిల్లలు, యాభై మంది ఎనిమిదేళ్లవాళ్లు. కావాలనే పేద ప్రాంతాలకి మొగ్గి ఎంచుకున్నారు. కాబట్టి దీన్నిబట్టి "ఆంధ్రలో ఇంత శాతం పేదలు" అని రాయకు, పరీక్షకొచ్చిన ప్రొఫెసర్ అక్కడే పట్టుకుంటాడు. ఏది దేనికి దారి తీసింది అని చూడ్డానికే ఇది.

డల్లాస్ దోసకాయ · సోమవారం రాత్రి 11:40

సరే, నేను నిన్నటి నుంచీ చదువుతూనే ఉన్నా. నా పని కూడా డేటాతోనే కాబట్టి ఒక ప్రశ్న. పేదింటి పిల్లాడు వెనకబడ్డాడు, బాగుంది. కానీ పేదింట్లో అమ్మకి చదువుండదు, ఊళ్లో మంచి బడి ఉండదు, ఆస్పత్రి దూరం, కులం ఒకటి. అన్నీ కట్టగట్టుకుని ఉంటాయి. వెనకబడింది డబ్బు లేకనా, అమ్మ చదువు వల్లా, ఊరి వల్లా? ఎలా విడదీస్తారు? మనుషుల మీద ప్రయోగం చెయ్యలేం కదా.

తార్నాక బస్టాప్ · మంగళవారం ఉదయం 7:45

ఇదీ ప్రశ్న అంటే. వీధి దీపం పోస్టు క్షమించేశాను 🙂

మనం ప్రయోగం చెయ్యలేం, ఒక్కోసారి కాలమే చేసేస్తుంది. 2002 ప్రాంతంలో కరవు గుర్తుందా? ఈ చిన్నపిల్లలు సరిగ్గా అప్పుడే పుట్టారు. కరవు దెబ్బ తిన్న ఇళ్ల పిల్లలు, తినని ఇళ్ల పిల్లలు, రెండు రకాలూ డేటాలో ఉన్నారు. తర్వాత బడుల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ రెండింటినీ కలిపి చూశారు. పసితనంలో కరవు వల్ల ఎత్తు, బరువుల్లో పడిన లోటుని బడి భోజనం పూడ్చింది అని తేలింది. గుప్పెడు అన్నం, ఇంత పప్పుచారు చేసిన పని అది. "బడికి అన్నం తినడానికొస్తున్నారు" అని వెక్కిరించేవాళ్లకి నేను ఈ పేపరే చూపిస్తాను.

రెండోది నాకు మరీ ఇష్టం, మా తార్నాకదే కాబట్టి. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో ఒక పరిశీలన చేశారు. 15 ఊళ్లలో గర్భిణులకి, ఆరేళ్లలోపు పిల్లలకి రోజూ ఉప్మా పెట్టారు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో వండింది. పక్కనున్న 14 ఊళ్లకి ఐసీడీఎస్ (అంగన్‌వాడీల) పథకం ఇంకా రాలేదు, అక్కడ పెట్టలేదు. అక్కడితో అయిపోయేదే. కానీ 2003-05లో మళ్లీ ఆ ఊళ్లకి వెళ్లి, అప్పుడు పుట్టిన పిల్లల్ని వెతికి పట్టుకున్నారు. వాళ్లకి 13 నుంచి 18 ఏళ్లు. ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు.

డల్లాస్ దోసకాయ · మంగళవారం ఉదయం 8:02

పద్నాలుగు మిల్లీమీటర్లు?? అంటే సెంటీమీటరున్నర కూడా కాదు. ఇంతా చేసి ఇంతేనా?

తార్నాక బస్టాప్ · మంగళవారం ఉదయం 8:30

ఎత్తు దగ్గరే ఆగితే ఇంతే. రక్తం తీసి, మిగతా పరీక్షలూ చేసి చూస్తే ఉప్మా ఊళ్ల పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. పాలమూరు తమ్ముడు చెప్పిన ఆ కాలు పోయినాయన గుర్తున్నాడా? సుగర్ వ్యాధి నలభయ్యో ఏట మొదలైందని డాక్టరు రాస్తాడు. దాని మొదలు తల్లి కడుపులోనే ఉండొచ్చు అని ఇలాంటి డేటా చెబుతోంది. తర్వాత ఇంకొందరు అవే ఊళ్ల లెక్కలు తీసి, ఉప్మా ఊళ్ల పిల్లలు బడిలో కూడా ఎక్కువ తరగతులు చదివారని చూపించారు.

లోపం కూడా చెప్పాలి. ఏ ఊరికి ఉప్మా అనేది లాటరీ తీసి తేల్చలేదు, పథకం ముందొచ్చిన ప్రాంతం ఒకటి, రానిది ఒకటి. ఆ రెండు ప్రాంతాల మధ్య ఇంకేదైనా తేడా ఉంటే అది కూడా ఉప్మా ఖాతాలోనే పడుతుంది.

అంగన్‌వాడీ అక్క · మంగళవారం మధ్యాహ్నం 2:20

సెంటర్ మూసి ఇప్పుడే చూశా. ఉప్మా గురించి ఇంత కథ ఉందా! మేం రోజూ గుడ్డు పెడతాం, బాలామృతం ప్యాకెట్లిస్తాం, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరన్నా వచ్చి ఈ పిల్లల రక్తం చూస్తారని ఎప్పుడూ అనుకోలేదు.

మా రిజిస్టర్ల సంగతి కూడా చెప్తా, సీమచింతా, నువ్వు ఎప్పుడైనా అవి వాడతావేమో. ఇప్పుడు అన్నీ ఫోన్లో పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించాలి. ప్రతి నెలా ప్రతి పిల్లాడి ఎత్తు, బరువు. సిగ్నల్ ఉండదు, నెలాఖరుకి సూపర్‌వైజర్ ఫోను మీద ఫోను. ఒకసారి మా కాటా చెడిపోయింది, కొత్తది రావడానికి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ ఏం ఎక్కించాలి? పాత బరువుకి వంద గ్రాములు, రెండొందలు కలిపి రాశాను. ఒప్పుకుంటున్నా. అందరూ చేస్తారని అనను, నేను చేశాను. నా పిల్లలు కాగితం మీద చక్కగా పెరిగారు.

కొలబద్ద · మంగళవారం రాత్రి 7:15

అక్కా, ఆ ముక్క ఒప్పుకోవడానికి గుండె కావాలి. మేం కూడా ఏం తక్కువ కాదు. పొద్దుపోయాక ఆఖరి రెండిళ్లు కొలిచినవీ, పొద్దున మొదటి రెండిళ్లు కొలిచినవీ ఒకేలా ఉండవు.

పిల్లలు దొరక్కపోవడం మీద కూడా ఒక మాట. ఐదేళ్ల తర్వాత వెళ్తే ఇంటికి తాళం. పక్కింటావిడ "చెన్నై పోయారు, సంక్రాంతికొస్తారు" అంటుంది. సంక్రాంతికి మళ్లీ వెళ్లేవాళ్లం. పండగ పూట అరిసెలు పెట్టేవారు, ఫారం నింపేవారు. మేనమామ ఫోన్ నంబరు, రేషన్ డీలరు నంబరు, ఇలా ముగ్గురి నంబర్లు రాసుకునేవాళ్లం. ఆడపిల్లలు ఎక్కువ కష్టం, పెళ్లయి ఏ ఊరెళ్లిందో కనుక్కుని అత్తగారింటికి పోవాలి, అక్కడ అత్తగారి అనుమానం చూపులు.

తార్నాక బస్టాప్ · మంగళవారం రాత్రి 7:40

యంగ్ లైవ్స్‌లో 2016 విడత నాటికి కూడా మన దగ్గర పదిమందిలో తొమ్మిదిమందికి తగ్గకుండా దొరికారంటే ఆ అరిసెల పుణ్యమే. నార్డిక్ దేశాల్లో (స్వీడన్, డెన్మార్క్ లాంటివి) ఈ బాధ లేదు, పుట్టగానే ఒక నంబరు, బడి, ఆస్పత్రి, పన్ను అన్నీ దానికే అతుక్కుని ఉంటాయి, ఆఫీసులో కూర్చుని దేశం మొత్తాన్ని వెంబడించొచ్చు. మనకీ నంబర్లున్నాయి కదా కలిపేద్దాం అంటారు కొందరు. చిన్న ఊళ్లో కులం, వయసు, ఇంటి కప్పు తెలిస్తే పేరు లేకపోయినా పిల్ల ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అందుకే నాకు ఆ ఉత్సాహం లేదు.

పాలమూరు పోరడు · మంగళవారం రాత్రి 9:05

దొరకని ఆ ఒక్కడే నాకు కావాలె సార్. దొరికినోళ్ల లెక్కలు మంచిగనే ఉంటయ్. ఇంటికి తాళమేసి పోయినోడే ఎక్కువ పేదోడు.

సీమచింత · మంగళవారం రాత్రి 10:30

అన్నా, ఆ మాట నా రెండో అధ్యాయం చేస్తున్నా, నిజంగా. మొదటి విడతలో ఉండి 2016లో లేని పిల్లల్ని పక్కకి తీసి, ఏడాది వయసులో వాళ్ల సంపద సూచిక, ఎత్తు మిగతావాళ్లతో పోల్చి చూస్తా. తేడా ఉంటే ముందే చెప్పేసి, ఆ తర్వాతే మిగతా కథ.

గైడ్ గారితో మాట్లాడా. "ఇంత పెద్దది ఎందుకమ్మా, ఉన్న టేబుల్ బాగుంది కదా" అన్నారు. టెన్షన్‌గానే ఉంది, జూన్‌లో సబ్మిషన్. కానీ ఆ టేబుల్ ఇక పెట్టబుద్ధి కావట్లేదు.

ఇంకో పని చేశా. మా వీధి అంగన్‌వాడీ టీచర్‌ని అడిగి పాత రిజిస్టర్‌లో 60 మంది పిల్లల ఎత్తులు, పేర్లు లేకుండా, రాసుకొచ్చా. పాయింటు తర్వాతి అంకె ఒక్కటే చూశా. 60లో 41 సున్నాతోనో ఐదుతోనో ముగిశాయి. అన్నీ సరిగ్గా కొలిచి రాస్తే అలాంటివి 12 దగ్గర ఉండాలి.

అంగన్‌వాడీ అక్క · మంగళవారం రాత్రి 10:48

మిగతా 19 మందిని కొలిచిన రోజు సూపర్‌వైజర్ వచ్చి ఉంటుంది.